పద్నాలుగో రీలు

1976 జూన్‌లో నగరిలోని ఒక టాకీసులో హెడ్ ఆపరేటరుగా చేరాను. అంతకు ముందు తొమ్మిదేళ్ళు తిరుపతిలో అసిస్టెంటుగా పనిచేశాను. ప్రభుత్వం పెట్టే పరీక్ష రాసి, మిషన్లో దీపంగా వాడే కార్బన్ కడ్డీలు వెలిగించి చూపించి, ఫిల్ముకు మంట అంటుకుంటే ఏం చేయాలో ఇన్‌స్పెక్టరు ముందు గుక్క తిప్పుకోకుండా చెప్పి లైసెన్సు తెచ్చుకున్నవాణ్ణి. దానికి అద్దం కట్టించి క్యాబిన్ గోడకు తగిలించడం నిబంధన. రోజూ తుడవడం నిబంధన కాదు, అది నా గర్వం.

ఇప్పటివాళ్ళకు ఆ పని తెలియదు కాబట్టి కొంచెం చెప్పాలి. సినిమా వెయ్యి అడుగుల రీళ్ళుగా తగరపు డబ్బాల్లో వచ్చేది. డబ్బాలన్నీ ఒక ఇనప పెట్టెలో ఉండేవి. ఒక్కో రీలు పది పదకొండు నిమిషాలు నడుస్తుంది. మేము రెండేసి రీళ్ళు అతికించి ఒక స్పూలుకు చుట్టుకునేవాళ్ళం. క్యాబిన్‌లో రెండు మిషన్లుంటాయి. ఒకటి నడుస్తుండగా రెండోదానికి ఫిల్ము ఎక్కించి సిద్ధంగా ఉంచాలి. తెర కుడి పైమూలన ఒక చుక్క మెరుస్తుంది, అప్పుడు రెండో మిషను మోటారు వేయాలి. ఇంకో చుక్క మెరుస్తుంది, అప్పుడు వెలుగు మార్చాలి. మారినట్టు చూసేవాళ్ళకు తెలియకూడదు. తెలిసిందంటే నేలక్లాసు వాళ్ళు ముందు ఈలలు వేసి, తర్వాత మా అమ్మానాన్నలను కూడా కలిపి తిట్టేవాళ్ళు.

మా వృత్తిలో ఒక చెడ్డ అలవాటు ఉండేది. దాన్ని ‘రీలు లేపడం’ అనేవాళ్ళం. కరెంటు పోయి ఆట ఆలస్యమైందనుకోండి, పల్లెలకు పోయే ఆఖరి బస్సు వెళ్ళిపోతుందని జనం గొడవ చేస్తారు. అప్పుడు మేనేజరు కిందినుంచి కబురు పంపేవాడు, ఒక రీలు లేపెయ్యమని. పాట ఉన్న రీలో, హాస్యం ఉన్న రీలో తీసి పక్కన పెట్టేవాళ్ళం. చివరి రీలునే లేపాల్సి వస్తే దాని తోకన ఉన్న ‘శుభం’ ముక్కను కత్తిరించి ముందు రీలు తోకకు అతికించేవాళ్ళం. సెన్సారు సర్టిఫికెట్‌లో ఎన్ని అడుగులు రాసి ఉంటే అన్నీ చూపించాలని చట్టం. పట్టుబడితే లైసెన్సు పోతుంది. పట్టుబడ్డవాణ్ణి నేనెరుగను. పైగా నా అతుకు ఎవరికీ కనబడదని ఆ చుట్టుపక్కల టాకీసులన్నిటిలో పేరు. ఆ పేరు చూసుకుని నేను మురిసిపోయేవాణ్ణి.

టాకీసు వెనక వీధి అంతా నేతవాళ్ళు. పగలంతా మగ్గాల చప్పుడు మా క్యాబిన్ దాకా వినబడేది. అప్పటికే మరమగ్గాలు వచ్చేస్తున్నాయి కానీ ఏకాంబరం అనే పెద్దాయన మాత్రం గుంత మగ్గం వదల్లేదు. అరవై దాటిన మనిషి. మధ్యాహ్నం భోజనం కాగానే వచ్చి టాకీసు మెట్ల నీడన కాసేపు కూర్చునేవాడు. నేనూ అప్పుడే కార్బన్ మసి కడుక్కుని కిందికి దిగేవాణ్ణి. అలా పరిచయం.

ఆయనకు ఒక్కడే కొడుకు, మణి. సైన్యంలో చేరాడు. 1971లో సెలవు మీద వచ్చి పెళ్ళి చేసుకున్నాడు. నాలుగు నెలలకు యుద్ధం వచ్చింది. పడమటి సరిహద్దులో ఏదో కాపలా చోట ఉన్నాడని ఆఖరి ఉత్తరం చెప్పింది. తర్వాత తంతి వచ్చింది, కనబడటం లేదని. కొన్ని నెలలకు ఒక కాగితం వచ్చింది, చనిపోయి ఉంటాడని భావిస్తున్నామని. ఆ ‘భావిస్తున్నాము’ అన్న మాట దగ్గరే ఏకాంబరం ఆగిపోయాడు. శవం లేదు, వస్తువు లేదు, చూసిన మనిషి లేడు. కర్మ చేయనన్నాడు.

కర్మ చేయకపోతే ఏమవుతుందో ఆ వీధిలో అందరికీ తెలుసు. కోడలు రుక్మిణి విధవ కాదు, భర్త ఉన్నదీ కాదు. బొట్టూ పూలూ ఉన్నాయి, భర్త లేడు. వాళ్ళలో మారుమనువుకు అడ్డు లేదు. కానీ మొదటివాడికి కర్మ జరగాలి, అత్తింటి పెద్ద నలుగురిలో నిలబడి “పిల్లను వదిలినాను” అని తన నోటితో చెప్పాలి. దాన్ని వాళ్ళు తీరుమానం అంటారు. రుక్మిణి అన్న దొరస్వామి పుత్తూరులో ఒక సంబంధం చూశాడు. భార్య పోయిన నేతగాడు, ఒక చిన్న ఆడపిల్ల. అతను రుక్మిణిని అడగమని కబురు పంపాడు, ఆమె సరేనంది. ఏడాదిగా వాళ్ళు కాచుకున్నారు. ఇంక 1978 మార్చి నెలాఖరు దాటితే మా దారి మేం చూసుకుంటామని పుత్తూరువాళ్ళు చెప్పేశారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ముందే తెలిసి ఉంటే ఈ జ్ఞాపకం రాయాల్సిన పని ఉండేది కాదు.

ఆ మార్చిలోనే మాకు ఒక యుద్ధం సినిమా వచ్చింది. వేరే భాషనుంచి తెలుగులోకి డబ్ చేసింది. పెట్టె రాగానే ప్రింటు పరీక్షించడం ఆపరేటరు మొదటి పని. ఫిల్ము తిరగ చుట్టే రీవైండరుకు ఎక్కించి, ఫిల్ము అంచులను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, చిరుగులున్నాయా, పాత అతుకులు ఊడుతున్నాయా అని అడుగు అడుగూ తడిమి చూడాలి. అలా చూస్తూ కథ కూడా తెలుసుకుంటాం.

సరిహద్దులో ఒక కాపలా శిబిరం. ముప్ఫై మంది సైనికులు. ఒకడికి ఇంటినుంచి ఉత్తరం వచ్చి ఉంటుంది, ఒకడు వంట చేస్తుంటాడు. తెల్లవారుజామున మంచులోంచి శత్రువు వచ్చి మీద పడతాడు. వందల మంది, వెనక టాంకులు. వీళ్ళ దగ్గర పాత తుపాకులు, లెక్కపెట్టగలిగినన్ని తూటాలు. వైర్‌లెస్‌లో సాయం అడుగుతారు. వస్తున్నాం, నిలబడండి అంటుంది అవతలి గొంతు. పదమూడో రీలు చివర తూటాలు అయిపోయి, అందరూ తుపాకులకు కత్తులు బిగించుకుని కేక పెట్టి కందకంలోంచి లేస్తారు. పద్నాలుగో రీలులో ఒక్కొక్కరే పడిపోతారు. ఒక్కడూ మిగలడు. మర్నాడు వచ్చిన బలగం వాళ్ళ మొహాల మీది మట్టి తుడిచి పేర్లు రాసుకుంటుంది. చేత్తో తడిమి చూసినప్పుడే నా మనసు బాగాలేకపోయింది. తెర మీద చూశాక రెండు ముద్దలు తిని లేచాను.

సినిమా శుక్రవారం మొదలైంది. ఆదివారం పొద్దున ఏకాంబరం మామూలు వేళకు ముందే వచ్చాడు. ఉతికిన పంచె, తలకు నూనె. నేనక్కడ పనిచేస్తున్నప్పటినుంచి ఆయన హాల్లో అడుగు పెట్టి ఎరగడు.

“సైన్యం బొమ్మ అంట గదప్పా. ఈ పొద్దు మ్యాట్నీకి వస్తా ఉండాను. మా వోడు ఉండిన సోటు ఎట్లుంటాదో సూడాల” అన్నాడు.

నేను వద్దనబోయాను. ఎండగా ఉంది, హాల్లో ఉక్క, ఇంకో రోజు రమ్మన్నాను. ఆయన వినలేదు. “రుక్మిణి రెండు దినాలుగా సెప్తా ఉండాది, పోయి సూడు మామా అని” అన్నాడు. ఆ మాటలో ఉన్న సంగతి నాకు తట్టలేదు. ముసలాయన్ను కాస్త బయట తిప్పాలని కోడలు తాపత్రయపడుతోందనుకున్నాను.

క్యాబిన్‌లోకి ఎక్కాక నా చేతులు వాటంతట అవే పని మొదలుపెట్టాయంటే అబద్ధం. నేను ఆలోచించే చేశాను. ఆ ముసలాయన కొడుకు వయసువాళ్ళు వరసగా నేలకూలడం ఎందుకు చూడాలి, ఒక్క ఆటకు తీసేస్తే ఎవరి సొమ్ము పోయింది అనుకున్నాను. పద్నాలుగో రీలు తోకనుంచి ‘శుభం’ కత్తిరించి, ఫిల్ము మీది ఎమల్షన్ పొర గీకి, అతుకు వేసే ఫిల్ము సిమెంటు రాసి, సైనికులు కేక పెట్టి లేచే చోట పదమూడో రీలుకు అతికించాను. రెండు నిమిషాల పని. మేనేజరుకు చెప్పలేదు. అడగని మేలు చేస్తున్నప్పుడు మనిషికి వచ్చే సంతోషం నాకు వచ్చింది.

ఆట నడుస్తుండగా క్యాబిన్ కిటికీలోంచి ఆయన్నే చూస్తూ ఉన్నాను. ముందు వరస బెంచీలో నిటారుగా కూర్చున్నాడు. ఇంటర్వెల్‌లో కూడా లేవలేదు. శత్రువు వచ్చి పడినప్పుడు రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. చివర సైనికులు కందకంలోంచి లేచినప్పుడు ఈయన కూడా లేచి నిలబడ్డాడు. ‘శుభం’ పడింది. లైట్లు వేశాను. ఇంత తొందరగా అయిపోయిందేమని నేలక్లాసులోంచి ఒకరిద్దరు అరిచారు. ఏకాంబరం వెనక్కి తిరిగి నా కిటికీ వైపు చూసి, చేతులు రెండూ పైకెత్తి, “నిలబడినారప్పా! ఒక్కడూ పడలా!” అన్నాడు. ఆయన మొహం అంత వెలుగుగా నేనెప్పుడూ చూడలేదు. సాయంత్రం ఆటకు రీలు మళ్ళీ అతికించి మామూలుగా నడిపాను.

మంగళవారం పొద్దున పదకొండు గంటలకు నేతవీధినుంచి నాకు పిలుపు వచ్చింది. ఏకాంబరం ఇంటి అరుగు మీద నలుగురు పెద్దలు, దొరస్వామి, ఇంకో పది మంది ఉన్నారు. మా మేనేజరు కూడా ఉన్నాడు. ఆయనదీ ఆ వీధే. రుక్మిణి వాకిలి పక్కన నిలబడి ఉంది.

సంగతి అక్కడ తెలిసింది. శుక్రవారం రుక్మిణి ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో కలిసి సినిమా చూసింది. ఆరేళ్ళలో ఏ పెద్దమనిషీ ఒప్పించలేని మామను ఇదైనా ఒప్పిస్తుందని ఆమెకు తోచింది. ఒక్కసారి చూడు మామా, కాపలా చోట్లో ఉన్నవాళ్ళకు ఏమవుతుందో నీ కండ్లతో చూడు అని బతిమాలింది. చివరికి ఆయన పెద్దల ముందే మాట ఇచ్చాడు. “సూస్తా. నా కండ్లకు అట్లా కనబడితే కర్మ సేస్తా, పిల్లను వదుల్తా” అన్నాడు. ఆ మాట కోసం అందరూ ఆదివారం దాకా ఆగారు. దొరస్వామి పుత్తూరుకు కబురు కూడా పంపాడు.

ఇప్పుడు ఏకాంబరం, ఎవరూ చావలేదని కూర్చున్నాడు. దొరస్వామి, అందరూ చచ్చారని అంటున్నాడు. వీధిలో చూసినవాళ్ళు నలుగురు దొరస్వామి మాటే చెప్పారు. ఏకాంబరం వినలేదు. “మీరంతా ఒకటైపోయి నన్ను ఎర్రోణ్ణి సేస్తా ఉండారు” అన్నాడు.

పెద్దల్లో ఒకాయన ఓపిగ్గా నచ్చజెప్పబోయాడు. “అది బొమ్మ గదప్పా ఏకాంబరం. మనోడి కథ కాదు గదా.”

ఏకాంబరం ఆయన వైపు తిరిగాడు. “ఓహో. సచ్చేది సూపిస్తే మనోడి కథ, సావకుండా సూపిస్తే బొమ్మా?”

అప్పుడు ఆయనే అన్నాడు, “బొమ్మ ఆడించినోణ్ణే అడగండి. ఆపరేటరప్ప అబద్ధం సెప్పడు” అని. అందుకు నన్ను పిలిచారు.

నేను చెప్పాల్సింది రెండు ముక్కలు. ఆ రీలు నేనే తీశాను, ఫలానా కారణంగా తీశాను. నోరు తెరిచాను. మేనేజరు నా వైపు చూస్తున్నాడు. తన ఉత్తరువు మీద వంద రీళ్ళు లేపించిన మనిషే, కానీ నా అంతట నేను లేపానంటే ఊరుకునే రకం కాదు. అంతమంది సాక్షుల ముందు ఒప్పుకుంటే కాగితం పైకి పోతుంది, లైసెన్సు పోతుంది. నాకు ఇద్దరు పిల్లలు. ఇవన్నీ ఒక్క క్షణంలో లెక్క వేసుకున్నాను.

“ఆదివారం మ్యాట్నీలో ఆ ముక్క లేదు” అన్నాను. “పాత ప్రింటు. ఒక్కో ఆటలో కొంత తెగిపోతుంది.”

మొదటి వాక్యం నిజం, మిగతాది అబద్ధం. ఏకాంబరానికి మొదటిదే వినిపించింది. “ఇన్నారు గదా” అన్నాడు. పెద్దలు మొహాలు చూసుకున్నారు. చూసి చెప్తానన్నాడు, చూశాడు, తనకు కనబడింది చెప్పాడు, మాట తప్పాడని ఎలా అంటారు? ఇంకోసారి కూర్చుందామని లేచారు. దొరస్వామి తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. రుక్మిణి మాత్రం నావైపే చూస్తూ ఉంది. ఆ చూపుకు నేను చెప్పులు వేసుకోవడం మరిచి టాకీసు దాకా వచ్చేశాను.

బుధవారం ఆమె టాకీసు గేటు దగ్గరికి వచ్చింది. అప్పటిదాకా నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

“శుక్రవారం నేను సూసిందీ అదే పెట్టె, ఆదివారం మా మామ సూసిందీ అదే పెట్టె. తెగిపోయింటే సాయంత్రం ఆటలో మళ్ళా యాడనుంచి వచ్చిందన్నా?”

నేను ఒప్పుకున్నాను. ముసలాయన తట్టుకోలేడని తీసేశానని చెప్పాను.

“మా మామ మింద నీకు జాలి ఉండాది. మంచిదే. ఆ ఇంట్లో ఇంకో మనిషి ఉండాదని నీకు తట్టలేదా అన్నా?” అంది. గట్టిగా కూడా అనలేదు. “రేపు దాటితే పెట్టె ఎళ్ళిపోతాదంట గదా. ఆయప్పకు నువ్వే సెప్పు. సేతనైతే సూపించు.”

గురువారం మా సినిమా ఆఖరి రోజు. పొద్దున తొమ్మిదికల్లా ఏకాంబరం ఇంటికి వెళ్ళాను. ఆయన మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నాడు. పక్కన నేల మీద కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. తీసింది నేనే, అందరూ పడిపోతారు, పెద్దలముందు నేను చెప్పింది అబద్ధం, ఇప్పుడు నా వెంట వస్తే హాల్లో మీ ఒక్కరికే ఆ రీలు వేసి చూపిస్తాను అన్నాను. మేనేజరుకు తెలిస్తే తెలియనీ అని అప్పటికి నిర్ణయించుకున్నాను. రెండు రోజులు ఆలస్యంగా వచ్చిన ధైర్యం అది.

ఆయన నాడె అటూ ఇటూ విసురుతూనే విన్నాడు. తర్వాత మగ్గం ఆపాడు.

“వద్దప్పా” అన్నాడు. “ఆరేండ్లుగా కండ్లు మూసుకుంటే వోడు మట్టిలో పడిపోయి ఉంటా ఉండె. నేనెవురికీ సెప్పలా. మొన్న ఆదివారం లేసి నిలబడినాడు. నువ్వే లేపినావు. మళ్ళా నీ సేత్తోనే పడగొడతావా?”

నేను అడిగాను, మరి రుక్మిణి సంగతేమిటని. ఆయన లోపలి గది వైపు చూశాడు. ఆమె రాట్నం మీద నూలు కండెలు చుడుతోంది. వింటూనే ఉంది.

“అది నాకు కూతురప్పా. దాని మింద నాకు పగా? రేపు వోడు వచ్చి, నాయనా, యాడ నా పెండ్లాం అంటే నేనేం సెప్పేది?” అన్నాడు. కండ్లు తుడుచుకుని మళ్ళీ నాడె అందుకున్నాడు. లోపల రాట్నం చప్పుడు కాసేపు ఆగి మళ్ళీ మొదలైంది.

ఆ రోజు ఆటలు అయ్యాక పద్నాలుగు డబ్బాలూ వరస చూసి పెట్టెలో సర్ది తాళం వేశాను. మర్నాడు మొదటి బస్సుకు పెట్టె శ్రీకాళహస్తికి వెళ్ళిపోయింది. నెలాఖరు దాటింది. పుత్తూరు అతను వేరే పిల్లను చేసుకున్నాడని ఆ ఎండాకాలంలోనే విన్నాను. దొరస్వామి చెల్లెలి ఇంటికి రావడం మానేశాడు. నేను ఆ తర్వాత పెద్దల దగ్గరికి వెళ్ళి నా అబద్ధం ఒప్పుకున్నాను. వాళ్ళు విన్నారు కానీ ఏకాంబరం మాట ఇవ్వకుండా తీరుమానం చేయలేమన్నారు. ఆయన ఇవ్వలేదు. మేనేజరుకు కూడా చెప్పాను. ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు, అంతే.

ఏకాంబరం 1985లో చనిపోయాడు. పెద్దలు తండ్రికీ కొడుకుకూ ఒకేసారి కర్మ చేయించారు. నేను వెళ్ళాను. రుక్మిణికి అప్పటికి ముప్ఫై నాలుగేళ్ళు. పద్నాలుగేళ్ళ కిందట చెరపాల్సిన బొట్టును ఆ రోజు చెరిపారు. ఇక ఆమెను ఎవరైనా చేసుకోవచ్చు, అడ్డు లేదు. అడిగినవాళ్ళూ లేరు. నన్ను చూసి కూర్చోమంది, మంచినీళ్ళిచ్చింది, పిల్లలు ఏం చదువుతున్నారని అడిగింది. పాత సంగతి ఎత్తలేదు. ఎత్తి నాలుగు మాటలు అని ఉంటే నాకు తేలికగా ఉండేదేమో.

ఆ మార్చి తర్వాత నేను రీలు లేపలేదు. మేనేజర్లు మారారు, కొందరు ఒత్తిడి చేశారు, ఒకచోట ఉద్యోగమే వదులుకున్నాను. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళకు నియమంగా చెప్పింది ఒకటే: పెట్టెలో వచ్చినదంతా వచ్చిన వరసలో తెర మీదికి పంపాలి, ఎవరు ఎంత తట్టుకోగలరో తేల్చడం ఆపరేటరు పని కాదు. ఆ ఆదివారం నేను కిటికీలోంచి ఒక్క మనిషిని చూసి, ఆయన కోసమే ఆట మార్చాను. ఆ ఆటలో ఏం చూపిస్తానన్నదాని మీద ఎవరి బతుకు ఆధారపడి ఉందో, ఆమె హాల్లో లేదు. ఇంటి దగ్గర వాకిట్లో నిలబడి మామ ఎప్పుడొస్తాడా అని చూస్తూ ఉంది.